ఏమీ పెరగలేదన్న కాగితం

నాకు తాండూరులో మందుల షాపు ఉంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. వెనక్కి నెట్టుకుంటూ పోయి అసలు చెప్పకుండా తప్పించుకునే గుణం నాకుంది. ఈ రెండేళ్లలో ఆ గుణం నాచేత ఏమేం చేయించిందో రాయడానికే కూర్చున్నాను. కాలు ఇప్పుడు బాగానే ఉంది. మోకాలి కింద పొడుగ్గా ఒక మచ్చ, మబ్బు పట్టిన రోజు కొంచెం లాగుతుంది, అంతే. చూసినవాళ్లు "గండం గడిచింది సేటూ" అంటారు. కాలు మట్టుకైతే వాళ్లు చెప్పేది నిజమే.

మా ఇంటి అలవాటు ఒకటి ముందు చెప్పాలి. మా నాన్న కందిపప్పు వ్యాపారం చేసేవాడు. మిల్లు నుంచి వచ్చిన దాంట్లో మంచి పప్పు గిరాకీకి, నూక ఇంటికి. మా అమ్మ బతికినన్నాళ్లూ నూకపప్పే వండింది. మంచి సరుకు ఇంట్లో తినే వ్యాపారి బాగుపడడని నాన్న నమ్మకం. నేను పప్పు వదిలి మందుల్లోకి వచ్చినా ఆ నమ్మకం మాత్రం వదల్లేదు. గిరాకీ వచ్చి "నాలుగే కత్తిరించియ్యి సేటూ" అంటే నాలుగే కత్తిరించి ఇస్తాం. మిగిలిన తునకల్లో పేరూ తేదీ తెగిపోయినవి అమ్మడానికి పనికిరావు. అవన్నీ ఇంటికొచ్చి వంటింటి అలమారలో ఒక స్టీలు డబ్బాలో పడేవి. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, పన్ను సలిపినా డబ్బా దింపేవాళ్లం. తెల్లవి రెండు, ఎర్రవి మూడు, ఏవి ఉంటే అవి. నొప్పి తగ్గగానే ఆపేసి మిగిలినవి మళ్లీ డబ్బాలో వేసేవాళ్లం. ఇరవై ఆరేళ్లలో మా ఇంట్లో ఒక్కరు కూడా ఒక్క మందునూ డాక్టర్ రాసినన్ని రోజులు వాడి ఎరగరు. నేనైతే దాన్ని పొదుపు అనుకునేవాణ్ని.

ముందటేడు మృగశిర దాటిన వారానికి కొడంగల్ రోడ్డు మీద నా స్కూటర్ జారింది. బండలు పాలిష్ పట్టే చోటి నుంచి తెల్ల బురద రోడ్డు మీదికి పారుతూ ఉంటుంది, దాని మీద నాలుగు చినుకులు పడితే ఇక చెప్పక్కర్లేదు. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. వికారాబాద్‌లో ఎముకల డాక్టర్ లోపల కడ్డీ వేశాడు. దసరాకు కర్ర పట్టుకోకుండా జమ్మి దగ్గరికి నడిచి వెళ్లాను. అందరూ మెచ్చుకున్నారు.

దీపావళి ముందు, కుట్లు వేసిన చోట కందిగింజంత పొక్కు లేచింది. నొక్కితే చీము వచ్చింది. నేను డబ్బా దింపాను. మూడు రోజుల్లో పొక్కు ఎండింది. పదిహేను రోజులకు మళ్లీ లేచింది. ఈసారి వేరే రంగు గోలీలు వేసుకున్నాను. అదీ ఎండింది. ఎనిమిది నెలలు ఇదే ఆట. మా ఆవిడ సువర్ణ వారానికోసారి "డాక్టర్‌కు చూపియ్యరాదుండ్రి" అని బతిమాలేది. "ఊరికంతటికీ మందులిచ్చేటోడు పోయి ఆ వరసల కూసుంటే ఏమనుకుంటరు?" అనేవాణ్ని. ఆ మాట నాకు అప్పుడు తిరుగులేని సమాధానంలా తోచేది.

ఆషాఢం వచ్చేసరికి కాలు వాసన కొట్టడం మొదలైంది. షాపులో కౌంటర్ వెనక నిలబడితే గిరాకీలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక అడుగు వెనక్కి జరిగేవాళ్లు. షాపులో నాతో పాటు మా తమ్ముడు శ్రీకాంత్ కూర్చుంటాడు. పొద్దున దేవుడి పటానికి ఒక అగరుబత్తి వెలిగించేవాడు మూడు వెలిగించడం మొదలుపెట్టాడు. ఆ మూడో అగరుబత్తి చూశాక నేనే సువర్ణతో అన్నాను, వికారాబాద్ పోదామని.

శ్రావణంలో పుండు చూపించుకోవడానికి మొదటిసారి వెళ్లాం. ఎముకల డాక్టర్ కట్టు విప్పి చూసి లోపలికి వెళ్లి ఒక చిన్న డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. క్రిముల సంగతి చూసేది ఆమె. ముప్పై ఏళ్లుంటాయేమో, నవ్వు మొహం. చీము తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత వచ్చిన కాగితంలో మందుల పేర్లు వరసగా ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా ఈ మందుకు ఈ క్రిమి చావదు అని చెప్పే ఒకటే అక్షరం. అన్నీ నాకు తెలిసిన పేర్లే. మా షాపు అలమార పై అర నుంచి కింది అర దాకా చదివినట్టుంది.

"కడ్డీ తీసెయ్యాలె" అన్నాడు ఎముకల పెద్ద డాక్టర్. "లోపల ఎముక ఎంత చెడిందో తెరిస్తే గానీ తెల్వదు. మందులు పనిచెయ్యకపోతే మోకాలి కింద కాలే తియ్యాల్సి రావచ్చు."

సువర్ణ నా చొక్కా అంచు పట్టుకుంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో నలుగురిలో ఆమె అట్లా పట్టుకోవడం నేను చూడలేదు. నాకు నిజంగా భయమేసింది.

అప్పుడు డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంకో దారి ఉంది సార్. గ్యారంటీ లేదు, కానీ ఉంది. మీ కాలి లోపల ఉన్న క్రిమిని పట్టుకుని లోపలికి చొచ్చి చంపే వైరస్‌లు ఉంటయ్. బాక్టీరియోఫేజ్‌లు అంటరు, మేం ఫేజ్ అంటం. మనిషిని ఏమీ చెయ్యవు. వాటికి క్రిమే తిండి."

"అవి ఎక్కడ దొరుకుతయమ్మా?" అని అడిగింది సువర్ణ.

"క్రిములు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ. మోరీ నీళ్లల్ల, డ్రైనేజీల."

సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వింది. మురికి నీళ్లు తెచ్చి పోయరని, అందులోంచి ఫేజ్‌ను వేరు చేసి, కడిగి, శుభ్రం చేసి, ప్రయోగశాలలో పెంచి ఇస్తారని ఓపికగా చెప్పింది. ఇది ఇంకా షాపుల్లో దొరికే మందు కాదని, ఇంకే దారీ లేని వాళ్లకు ప్రత్యేకంగా అనుమతి తీసుకుని ఇస్తారని కూడా చెప్పింది. కానీ ప్రతి ఫేజూ ప్రతి క్రిమినీ తినదు. నా క్రిమిని ప్రాణంతో పట్టి పంపితే దాన్ని తినేది ఏదో వెతుకుతారు. పైన కారే చీము చాలదు, లోపలి ఎముక ముక్క కావాలి. ఆ ముక్క తీసే ముందు పదిహేను రోజులు ఏ యాంటీబయాటిక్ గోలీ కూడా నోట్లో పడకూడదు. పడితే క్రిమి చావదు గానీ సొమ్మసిల్లుతుంది, పరీక్షలో పెరగదు.

"ఒక్కటి కూడ వద్దు సార్" అంది. "చీము ఎక్కువైతది, వాసనొస్తది. ఓర్చుకోవాలె."

ఆ రోజు వెనక్కి వచ్చేటప్పుడు రైల్లో నర్సన్న కలిశాడు. ధారూర్ దగ్గర పల్లె ఆయనది. నాలుగెకరాల కంది చేను, అరవై దాటిన వయసు, షుగరు. పంట అమ్మడానికి తాండూరు వచ్చినప్పుడల్లా మా షాపులోనే మందులు కొనేవాడు. కాలి బొటనవేలు దగ్గర పుండు పడి ఆయనా అదే ఆసుపత్రికి తిరుగుతున్నాడు. పెట్టెలో జనం నా కాలి వాసనకు సర్దుకుని అటు కూర్చుంటుంటే నర్సన్న వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. "నాది గూడ గిట్లనే కొడ్తది సేటూ, ఏం ఫికర్ లేదు" అన్నాడు.

ఫేజ్ సంగతి చెబితే ఆయన నాకంటే ముందు అర్థం చేసుకున్నాడు. "గిదేం కొత్త? కంది చేన్ల పచ్చపురుగు పడితే మేం గట్లనే చేసినం ఒక ఏడు. వ్యవసాయం సారు చెప్పిండు. రోగమొచ్చి తలకిందులుగ వేలాడే పురుగులను ఏరుకొచ్చి, నూరి, నీళ్లల్ల కలిపి కొడితిమి. గా రోగం మిగత పురుగులకు అంటుకుని అన్నీ చచ్చినయ్. చేనుకేం కాలె, మాకేం కాలె." తర్వాత నా భుజం తట్టి, "నువ్విచ్చే గోలీలు గూడ మంచిగ పనిచేస్తయ్ సేటూ. రెండేసుకుంటే మూడు పొద్దులు నొప్పి ఉండదు. మళ్ల నొప్పి లేస్తే మళ్ల రెండు" అన్నాడు.

అప్పుడు నాకు సిగ్గేసిందని రాస్తే అది అబద్ధం. సంతోషమేసింది. సరుకు బాగుందని గిరాకీ మెచ్చుకుంటే వ్యాపారికి ఎట్లా ఉంటుందో అట్లానే ఉంది. నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చిన చేయి నాదేనని నాకు గుర్తు కూడా రాలేదు.

శ్రావణం చివర్లో పదిహేను రోజుల లెక్క మొదలైంది. పది రోజులు ఓర్చుకున్నాను. నడుమ వినాయక చవితి వచ్చింది. బజారులో వ్యాపారులం పెట్టే మండపంలో ఆ ఏడు అయిదో రోజు పూజకు కూర్చోవాల్సిన దంపతులం మేమే. నాలుగు నెలల ముందే ఒప్పుకున్నది. దేవుడి ముందు, పంతులు పక్కన, అందరి నడుమ చీము కాలుతో రెండు గంటలు కూర్చోవాలి. రావడం లేదని ఒక ఫోను చేస్తే సరిపోయేది. కాలు బాగాలేదంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నేను వంటింట్లో ఎవరూ లేనప్పుడు డబ్బా దింపి ఉన్నవాటిలో గట్టివి ఏరి మూడు రోజులు పూటకొకటి మింగాను. పూజ రోజు కట్టు పొడిగా ఉంది. వాసన లేదు. పంతులు నా నుదుట బొట్టు పెడుతూ "మొహం కళగా ఉంది" అన్నాడు.

పూజ అయిన నాలుగో రోజు వికారాబాద్‌లో ఎముక ముక్క తీశారు. పది రోజులకు కాగితం వచ్చింది. ఏమీ పెరగలేదు.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "ఇది మంచి కబురు కావచ్చు, కాకపోవచ్చు కూడ. సార్, ఆ పదిహేను రోజులు మీరు ఏమీ వేసుకోలేదు గద?"

"లేదమ్మా" అన్నాను. షాపులో స్టాకు లేదని చెప్పినంత సులువుగా వచ్చింది మాట.

పక్కన సువర్ణ అందుకుంది. "ఆయన మాటిచ్చిండ్రంటె ఇచ్చినట్టే డాక్టరమ్మా. మందుల సంగతి ఆయనకు తెల్వదా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. డాక్టరమ్మ కొన్నాళ్లు చూద్దామంది. దాన్ని నేను ఇంటికొచ్చేసరికి "క్రిమి చచ్చిపోయిందట" అని చేశాను. చెప్పగా చెప్పగా సగం నేనే నమ్మాను.

సువర్ణ శ్రావణంలోనే మొక్కుకుందట, కాలు నిలిస్తే అనంతగిరి కొండ చెప్పుల్లేకుండా కింది నుంచి ఎక్కుతానని. కార్తీకంలో ఒక ఆదివారం బయల్దేరింది. నేను ఆటోలో ముందే పైకి వెళ్లి గుడి దగ్గర అరుగు మీద కూర్చున్నాను. కార్తీకమే అయినా ఎండ ఎండే. తారు రోడ్డు, మలుపు మీద మలుపు. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. రెండున్నర గంటల తర్వాత కనిపించింది. కొంగు నడుముకు దోపుకుని, చెమటకు బొట్టు కారిపోయి, నవ్వుతూ వస్తోంది. అరికాళ్లు చూపించమంటే చూపించలేదు. తర్వాత నేనే చూశాను, రెండు చోట్ల బొబ్బలు చిట్లి ఉన్నాయి. "మీ కాలు ముందు నా కాళ్లెంత" అంది. ప్రసాదం నా చేతిలో పెట్టింది. నేను కళ్లకు అద్దుకుని తిన్నాను. నా కాలి లోపల అప్పటికే వారం రోజులుగా మళ్లీ సలుపు మొదలైంది. ఆమెకు చెప్పలేదు. కొండ ఎక్కవద్దని చెప్పడానికి నాకు వారం రోజులు దొరికాయి. ఈ రెండేళ్లలో చేసిన వాటన్నిటిలో ఇది తలుచుకుంటేనే నాకు అన్నం సయించదు.

మార్గశిరంలో చలిజ్వరంతో పడిపోయాను. ఈసారి రెండు చోట్ల తూట్లు పడి చీము కారింది. పెద్ద డాక్టర్ ఎక్స్‌రే ఫిలిం చూసి ఎముక ఇంకా రెండు అంగుళాలు చెడిందన్నాడు. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. నేను సువర్ణను చాయ్ తెమ్మని పంపించి అప్పుడు చెప్పాను. చవితి, పూజ, డబ్బా, తొమ్మిది గోలీలు, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాగితం తీసి రాసుకుంది, ఏ రోజు ఏది, ఎన్ని అని.

"మూడు నెలలు పోయినయ్ సార్" అంది. "అప్పుడే చెప్పి ఉంటే మళ్ల పదిహేను రోజులు ఆగి ఇంకో ముక్క తీసేటోళ్లం. అంతే పని."

"మా ఆవిడకు చెప్పకండమ్మా."

ఆమె కలం మూత పెట్టింది. "నాకు మీ క్రిమి బతికి కావాలె. ఇంట్ల సంగతి మీది" అని వెళ్లిపోయింది. చాయ్ తెచ్చిన సువర్ణ నా మొహం చూసి డాక్టరమ్మ ఏదో చెడు కబురు చెప్పిందనుకుని, గ్లాసు బల్ల మీద పెట్టి నా తల నిమిరింది.

పుష్యంలో పదిహేను రోజులు నిజంగానే ఏమీ వేసుకోలేదు. డబ్బా శ్రీకాంత్‌కిచ్చి ఆసుపత్రి చెత్తలో వేయించాను. "డబ్బా ఏదండీ?" అని సువర్ణ అడిగితే "చీమలు పట్టినయ్" అన్నాను. అబద్ధానికి అలవాటు పడ్డ నోరు కదా, అవసరం లేని చోట కూడా ఆడింది. ఆ పదిహేను రోజులూ నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుంటూ గడిపాను. నర్సన్న రైల్లో ఉడకబెట్టిన కందికాయలు గుడ్డలో కట్టుకొచ్చేవాడు, ఉప్పేసి ఉడికించినవి. ముగ్గురం ఒలుచుకుంటూ తింటుంటే ధారూర్ ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు. అప్పటికి ఆయనకు బొటనవేలు తీసేశారు. "ఒక్క వేలే గదా సేటూ, దున్నేది ట్రాక్టరేనాయె" అని నవ్వించేవాడు.

మళ్లీ ఎముక ముక్క తీశారు, ఈసారి క్రిమి పెరిగింది. దాన్ని దూరంగా ఒక ప్రయోగశాలకు పంపారు. ఆరు వారాలు ఎదురుచూశాం. వాళ్ల దగ్గరున్న ఫేజ్‌లలో మొదటిది నా క్రిమిని ముట్టలేదు. రెండోది కొంచెం కొరికి వదిలేసింది. ఫోను మోగినప్పుడల్లా సువర్ణ నా మొహం చూసేది. మూడోది తిన్నదని డాక్టరమ్మే ఫోను చేసి చెప్పింది. నాతో అన్ని కాగితాల మీద సంతకాలు చేయించింది. పనిచేయకపోవచ్చని, ముందు ఎక్కువమందికి ఇచ్చింది కాదని, అన్నీ తెలుగులో చదివి వినిపించి మరీ చేయించింది.

ఫాల్గుణంలో పట్నంలో పది రోజులున్నాం. కడ్డీ తీశారు, చెడిన ఎముక గీకేశారు, సన్నని గొట్టం పెట్టి రోజూ ఆ మందు పోశారు. దానితో పాటు ఒక యాంటీబయాటిక్ కూడా ఎక్కించారు, రెండూ కలిస్తేనే బలమట. సీసాలు మంచు పెట్టెలో వచ్చేవి. నేను ఏదో మహత్తు ఉంటుందనుకున్నాను. చూడడానికి నీళ్లలాగే ఉంది. కాల్లో చల్లగా తగిలేది, సాయంత్రం కొద్దిగా ఒళ్లు వెచ్చబడేది. ఆరో రోజు కట్టు విప్పిన నర్సమ్మ ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి "లేదు" అంది. ఆమె అట్లా ముక్కు పెట్టి చూడడమే నాకు పెద్ద మర్యాదలా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉగాదికి పుండు మూసుకుంది. వైశాఖంలో కర్ర పక్కన పెట్టాను. బాగైంది ఫేజ్ వల్లే అని నేను ఎవరికీ చెప్పను. కడ్డీ తీసినందుకు కొంత, మందుకు కొంత, ఫేజ్‌కు కొంత అంటుంది డాక్టరమ్మ. నాకు తెలిసింది ఒకటే, దాన్ని వెతకాలంటే నా క్రిమి బతికి ఉండాలి, నేను నిజం చెప్పాలి.

జ్యేష్ఠంలో ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్లాను, సువర్ణతో కలిసి. నర్సన్నా ఆ రోజే వచ్చాడు. ఆయన పుండు ఇంకో రెండు వేళ్లకు పాకింది. మందులేవీ పనిచేయడం లేదు, పాదం తీయాలంటున్నారు. డాక్టరమ్మ ఆయనకూ ఫేజ్ వెతుకుతానంది. నా సీసాల్లో మిగిలింది ఆయనకు పనికొస్తుందేమోనని అడిగాను. "మీ క్రిమి వేరు, ఆయనది వేరు సార్" అని, ఆయనకూ అదే మాట చెప్పింది. పదిహేను రోజులు, ఒక్క గోలీ కూడా వద్దు.

వెనక్కి వచ్చేటప్పుడు పెట్టెలో ముగ్గురం ఎదురెదురుగా కూర్చున్నాం. రైలు కదలగానే నర్సన్న చొక్కా జేబు తడుముకుంటూ నా వైపు వంగాడు.

"సేటూ, పదిహేను పొద్దులంటే నాతోని కాదు. మొన్న గోలీల్లేకుంట చూస్తి, నొప్పికి పానం పోతది. మనమరాలి పెండ్లి గూడ నడుమలనే ఉంది. నువ్వో రెండు గట్టి గోలీలియ్యి, పెండ్లి నాటికి. గా డాక్టరమ్మకు ఏడ తెలుస్తది?"

నేను సువర్ణ వైపు చూశాను. ఆమె కిటికీ లోంచి బయటికి చూస్తోంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అవి ఇప్పుడు రావడం లేదు నర్సన్నా అంటే సరి. కానీ ఆయన ఇంకో షాపుకు పోతాడు. తాండూరులో నాలాంటివాళ్లకు కొదవలేదు. ఆయన పాదం ఈ ఒక్క మాట మీద ఉంది. ఆ మాట సువర్ణ లేనప్పుడు చెప్పడానికి ఇక సమయం లేదు, వచ్చేది ధారూరే.

"నర్సన్నా, నేను గదే చేసిన" అన్నాను. "నిరుడు వినాయక చవితి పూజకు వాసన రావద్దని తొమ్మిది గోలీలు మింగిన. డాక్టరమ్మకు తెల్వలె. అందుకే ఏమీ పెరగలేదని కాగితమొచ్చింది. క్రిమి చావలె, పండుకున్నదంతే. నేను వేసుకోలేదని అబద్ధమాడిన. మూడు నెల్లకు రెండంగుళాల ఎముక పోయింది. నాది ఎముకతోని పోయింది, నీకు పాదమే పోతది."

సువర్ణ కిటికీ నుంచి తల తిప్పలేదు. ఆమె చేయి మాత్రం ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుంది.

నర్సన్న వెనక్కి జరిగి కూర్చున్నాడు. "గట్లనా" అన్నాడు. "మరి ఇన్నేండ్లు నాకు రెండు రెండు కత్తిరించి అమ్మితివి గదా సేటూ. గది గూడ గిట్లాంటిదేనా?"

"గిట్లాంటిదే నర్సన్నా."

"అప్పుడు చెప్పకపోతివి."

కోపంగా అనలేదు. తూకంలో తేడా వస్తే అడిగినట్టు అడిగాడు. నువ్వు అడిగినవు, నేను ఇచ్చిన అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా అందరికీ చెబుతున్నది అదే మాట. మింగేశాను. ఆయన జేబులోంచి ముడతలు పడ్డ రెండు తునకలు తీశాడు, మా షాపు కత్తెర తెంపిన తునకలే. నా చేతిలో పెట్టాడు. "ఇంట్ల ఉంటే వేసుకుంట. నువ్వే ఉంచుకో" అన్నాడు. ధారూర్‌లో దిగేటప్పుడు ఎప్పటిలాగే సువర్ణకు "పోయొస్త అమ్మా" అని చెప్పాడు. నాకు చెప్పలేదు.

ఆ పదిహేను రోజులూ నేను రోజూ పొద్దున ఆయనకు ఫోను చేశాను. కొన్ని రోజులు ఎత్తాడు, కొన్ని రోజులు కోడలు ఎత్తి "ఓరుస్తున్నడు" అంది. పెళ్లిలో కాలు దుప్పటి కింద దాచుకుని కూర్చున్నాడట. తర్వాత డాక్టరమ్మ నాకే ఫోను చేసి చెప్పింది, ఆయన క్రిమి బాగా పెరిగిందని. క్రిమి బతికి ఉందంటే ఇంత సంతోషపడతానని ఏనాడూ అనుకోలేదు. దాన్ని తినే ఫేజ్ ఇంకా దొరకలేదు. మొదటి రెండూ ముట్టలేదు, వెతుకుతున్నారు. పాదం ఇప్పటికైతే ఉంది. షాపులో మేమిప్పుడు డాక్టర్ చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వడం లేదు, ఇచ్చినా తునకలు కత్తిరించడం లేదు. కొందరు గిరాకీలు తిట్టుకుంటూ పక్క షాపుకు పోతున్నారు. "చెప్పేవి శ్రీరంగ నీతులు" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. సగం సామెతే చెప్పి వదిలేశాడు, పెద్దమనిషి.

ఆ రోజు సంగతి ఒకటి మిగిలింది. ధారూర్ దాటాక తాండూరు వచ్చే దాకా సువర్ణ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నేను రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. తిట్టినా బాగుండుననిపించింది. తాండూరులో దిగగానే సంచి భుజానికేసుకుని నడక మొదలుపెట్టింది. ఈ రెండేళ్లలో ప్రతిసారీ నా చేయి పట్టుకుని మెట్లెక్కించేది, నేను ఆగిన చోట ఆగేది. ఆ రోజు వెనక్కి చూడకుండా ప్లాట్‌ఫారం చివరి దాకా వెళ్లిపోయింది. నేను జనంలో నుంచి వేగంగా నడిచి, గేటు దగ్గర ఆమెను అందుకుని, "సువర్ణా, జర ఆగు" అన్నాను.

ఆమె ఆగింది. ముందు నా కాలు వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు.

"మీ కాలు మంచిగైంది గద" అంది. "నడువుండ్రి."